గట్టు మీది మేస్త్రి

మా అమ్మ తలలో ఉసిరికాయంత గడ్డ ఉందని తెలిసినప్పుడు మా ఊళ్ళో ఎవరూ పెద్దగా భయపడలేదు. దానికి ఆపరేషన్ చెయ్యరని తెలిసినప్పుడు భయపడ్డారు.

అదంతా ఒక్క ఉభాల కాలంలో జరిగింది. వరినాట్లను మా వైపు ఉభాలంటాం. ఆ ఏడాది జ్యేష్ఠంలో రెండు జల్లులు పడి ఆకుమళ్ళలో నారు పచ్చబడింది గాని, ఆషాఢమంతా వాన మొహం చాటేసింది. చీపురుపల్లి స్టేషన్‌కి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో పని లేక ఆడవాళ్ళంతా అరుగుల మీదే ఉన్నారు. మా ఇంటి సంగతి మాట్లాడుకోవడానికి అందరికీ కావలసినంత తీరిక దొరికింది.

మా అమ్మ నీలవేణి పదిహేనుమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. మా దగ్గర మేస్త్రి అంటే గొడుగేసుకుని పని చేయించే మనిషి కాదు, అందరికన్నా ముందు వంగే మనిషి. మడిలో ఒక్కొక్కరూ ఒక్కో పట్టీ, అదే మునుం, పట్టి, నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. కుడి కొసన ఉండే మొదటి మునుం మేస్త్రిది. ఆవిడ చెయ్యి ఎంత జోరుగా కదిలితే మిగతా చేతులూ అంత జోరుగా కదలాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ కొస అమ్మది.

వేసవిలో నువ్వుచేను కోసేటప్పుడు మొదలైంది. వంగితే తలపోటు. తర్వాత కుడి చెవిలో ఒక చప్పుడు, ఆగకుండా.

"గుండె సెవిలోకొచ్చి కూకున్నాదే ఉషా. కింద సోటు సాలలేదేటో," అని నవ్వేది.

విజయనగరంలో స్కాన్ తీస్తే గడ్డ బయటపడింది. కేన్సర్ కాదన్నారు. మెదడు మీది పొరకి పుట్టే రకమట, నిదానంగా పెరిగేదట. విశాఖపట్నం వెళ్ళి తీయించుకోమన్నారు. గడ్డలంటే మా ఊరికి కొత్త కాదు. ఎదురింటి సుభద్రమ్మకి కడుపులోంచి కొబ్బరికాయంత గడ్డ తీస్తే, ఆవిడ నలభయ్యో రోజున ఉభాలకి దిగింది. గడ్డుంటే కోస్తారు, కోస్తే పోతుంది. అంతే లెక్క. నాన్నకి నలుగురు కుర్రాళ్ళు రక్తమిస్తామని మాటిచ్చారు. అమ్మ తన తర్వాతి మునుం పట్టే బుల్లమ్మని పిలిచి ముఠా అప్పజెప్పింది.

"నాను లేసేదాకా కుడి కొస నీదేనే."

"నాకెందుకప్పా అంత బరువు?" అంది బుల్లమ్మ. అక్కని మా వైపు అప్ప అంటారు.

"బరువేటే? ఒంగోడమే గదా!"

ఆసుపత్రికి ఫైలు పట్టుకుని నేను కూడా వెళ్ళాను. పది వరకు మా ఊరి బడి, ఇంటర్ చీపురుపల్లి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. మాట్లాడమంటే మాత్రం నాకు తెలుగే కష్టం. ఇంట్లో రోజుకి పది మాటలకి మించి నా గొంతు వినపడదని నాన్న అంటుంటాడు.

అక్కడి డాక్టరమ్మ ఆపరేషన్‌కి ముందు రక్తనాళాలకి విడిగా ఇంకో స్కాన్ తీయించింది. మామూలుగా చూసుకునేదే, కంగారేం లేదంది. మర్నాడు మమ్మల్ని గదిలోకి పిలిచి, కుర్చీ అమ్మకి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. దగ్గరగా జరగగానే నాన్న ఫ్యాను వైపు చూడ్డం మొదలెట్టాడు.

"ఈ స్కాన్‌లో మేం అనుకోనిది ఒకటి కనిపించిందమ్మా," అంది డాక్టరమ్మ. కాగితం మీద రెండు గీతలు గీసింది, ఒకటి లావుగా, ఒకటి సన్నగా. "తలలోంచి రక్తం కిందికి దిగడానికి వెనకవైపు రెండు పెద్ద సిరలుంటాయి. మీకు ఎడమది పుట్టుకతోనే సన్నం, దారప్పోగులా ఉంది. చాలామందికి అలా ఉంటుంది, వాళ్ళకి ఎప్పటికీ తెలియదు కూడా. మీకు పనంతా కుడిదే చేస్తోంది. గడ్డేమో ఆ కుడిదాని గోడనే పట్టుకుని ఉంది. కొంచెం నొక్కింది కూడా. మీ చెవిలో చప్పుడు అందుకే."

నాన్న ఇంకా ఫ్యాను వైపే చూస్తున్నాడు. అమ్మ ముందుకి జరిగి కాగితం మీద వేలు పెట్టింది. వాగుని మేం గెడ్డ అంటాం.

"రెండు గెడ్డలన్నమాట తల్లీ. ఇది పిల్లగెడ్డ, నీరు నడవదు. ఊరి నీరంతా ఈ పెద్దగెడ్డలోంచే దిగాల. దీని గట్టు మీద సెట్టు మొలిసి వేరు లోనకి తోసినాది. సెట్టు పీకితే గట్టు తెగిపోతాది. అంతే గదా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అంతే. మా దగ్గర చదువుకునే పిల్లలకి ఇది చెప్పడానికి నాకు పొద్దున్న అరగంట పట్టింది."

"మరి సెట్టు పెరిగితే?"

"పెరుగుతుందో లేదో నాలుగు నెలలకి మళ్ళీ స్కాన్ తీసి చూద్దాం. కొన్ని ఏళ్ళ తరబడి కదలవు. పెరిగితే అప్పుడు చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఇవాళ కోస్తే మాత్రం మేలు కన్నా ముప్పే ఎక్కువ. మీ కళ్ళు చూశాం, బాగున్నాయి. చూపు మసకబారినా, వాంతులైనా, తలపోటు ఉన్నట్టుండి పెరిగినా ఆ రోజే రావాలి." కలం మళ్ళీ తీసుకుని, "ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"ఉభాలు."

"ఎంతసేపు వంగుతారు?"

"పొద్దు పొడిసిన కాణ్ణించి పొద్దుగూకేదాక."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "అది వద్దు. తల కిందికి ఉంటే రక్తం దిగడం ఇంకా కష్టం. నడవండి, నిలబడండి, వంట చేసుకోండి. గంటలకి గంటలు తల వంచి పని చెయ్యకండి. బరువులెత్తకండి."

గడ్డ ఉందన్నప్పుడు అమ్మ మొహం మారలేదు. సన్న సిర సంగతికీ మారలేదు. ఈ మాటకి మారింది.

చీపురుపల్లిలో రైలు దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి సుభద్రమ్మ అరుగు మీదే ఉంది. "అప్పుడే వొచ్చీసినారేటి? ఆపరేసను అయిపోనాదా?" అని అడిగింది.

నాన్న పేరు నారాయణమూర్తి. నాగలి పట్టమంటే పడతాడు గాని, కష్టమొస్తే ఆయనకి మాట రాదు. "నేదు. సెయ్యరట. ఇంటికెల్లిపొమ్మన్నారు," అని ఆటో వాడికి డబ్బులిచ్చి పశువుల సాలలోకి వెళ్ళిపోయాడు.

సుభద్రమ్మ నా మొహం చూసింది. ఆ గదిలో ప్రతి మాటా విన్నదాన్ని నేను. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. ఫైలు గుండెకి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మా ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు కొయ్యకుండా పంపేశారంటే దానికి ఒకటే అర్థం. చేయి దాటిపోయిందని. సాయంత్రానికల్లా నీలవేణిని పెద్దడాక్టర్లు ఒగ్గీసినారని, ఇక వదిలేశారని, మాట మూడు వీధులూ తిరిగొచ్చింది. మర్నాటి నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. బత్తాయిలు తెచ్చారు, కొబ్బరిబొండాలు తెచ్చారు. పదేళ్ళుగా గట్టు తగువుతో మాటల్లేని వాళ్ళు కూడా వచ్చి, మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అమ్మ మంచం మీద పడుకుని కూడా లేదు. చోళ్ళు చెరుగుతూ ఉండేది. వచ్చినవాళ్ళు చేట లాక్కునేవాళ్ళు.

సుభద్రమ్మ అమ్మ తల నిమురుతూ అడిగింది: "నీకేటి తినాలనున్నాదే నీలవేణీ? దాసుకోకుండా సెప్పు."

అమ్మ ఒక క్షణం ఆవిడ వైపు చూసింది. "ఎండు సేపల పులుసు," అంది.

మూడు రోజుల్లో నాలుగిళ్ళ నుంచి ఎండుచేపల పులుసు వచ్చింది. నాన్న వారం రోజులు తిన్నాడు.

అప్పుడు వచ్చాడు జగన్నాధం మావ, అమ్మ తమ్ముడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడేమో, జుట్టులో నారపీచు అలాగే ఉంది. చంకలో బట్టలకొట్టు సంచి. అందులోంచి పసుపుపచ్చ చీర తీసి, అమ్మ కళ్ళలోకి చూడకుండా ఒళ్ళో పెట్టాడు. ఎర్ర అంచు.

"ఏటి పండగని తెచ్చినావురా?" అంది అమ్మ.

"ఊరికేనప్పా."

"ఊరికేనా? నీకు బుద్ధొచ్చిన కాణ్ణించి ఊరికే పప్పుండ కూడా తెచ్చిన మొకం కాదు నీది."

మావ నేల చూశాడు. నాకు తెలిసిపోయింది. అమ్మకి నాకన్నా ముందే తెలిసింది. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తేవడం మా వైపు ఆచారం. అది చివరి చీర. మావ ముందుగా తెచ్చాడు.

"అప్పుడు కట్టబెడితే నీకేటి తెలుస్తాది? కళ్ళుండగా కట్టుకుంటే సూసుకుందామని..." అంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చీర మడత విప్పింది. అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది, వెలుతురుకి ఎత్తి నేత చూసింది.

"రంగు దిగుద్దేటిరా ఇది?"

మావ ఏడుపు మధ్యలోనే, "దిగదప్పా. సాపువోడు ఒట్టేసినాడు," అన్నాడు.

"అలగైతే కట్టుకుంటాను. ఎప్పుడన్నది నువ్వు కాదు, నాను సెప్తాను. లెగు, మొకం కడుక్కో. పులుసున్నాది, తిను."

మావ వెళ్ళాక చీర మళ్ళీ మడతపెడుతూ అడిగింది: "నాను సచ్చిపోతన్నానని ఊరందరికీ ఎవులు సెప్పినారే?"

"నాన్న..."

"మీ నాన్నకి మాట రాదు. నీకొచ్చు గదా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత రెండు రోజులకి, అంట్లు కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. బెండమొక్కల అవతల అమ్మ ఉంది, నాకు వీపు చేసి. చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. ఎడమచేతిలో గుప్పెడు గడ్డి పట్టుకుంది. వంగి, కుడిచేత్తో గడ్డి పోచలు తీసి పొడినేలలోకి గుచ్చుతూ వెనక్కి నడుస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఆ చేతి జోరు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. చూసినప్పుడల్లా కోడి గింజలేరుకోవడం గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆ రోజు లెక్కపెడుతూ నిలబడ్డాను. పద్నాలుగు దగ్గర ఆ చెయ్యి ఆగింది. అమ్మ తడుముకుంటూ లేచి సాల రాట పట్టుకుంది.

పరుగెత్తాను.

"తల గిర్రున తిరిగినాది," అంది. "ఏటీ కాదు, తగ్గిపోనాది."

సాలలో ఆవు పక్కన కూర్చోబెట్టాను. చాలాసేపటికి అడిగాను, భయంగా ఉందా అని.

"ఉండదేటి? నాకు భయం నేదనుకుంతన్నావా? సావంటే సరే, అందరికీ ఉన్నదే. అదొచ్చినప్పుడు సూసుకుందాం. అది గాదే. ముఠాలో ఒంగలేని మనిసికి పనేటి? అంబలి కుండ మొయ్యాల. అదీ మొయ్యొద్దన్నాది ఆ డాక్టరమ్మ." ఆవు గంగడోలు నిమురుతూ, "ఇరవై రెండేళ్ళు ఆ కొస నాదేనే ఉషా," అంది.

గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. పక్కనే కూర్చున్నాను.

శ్రావణం నాలుగోనాడు వాన పట్టింది. మూడు రోజులు విడవకుండా కురిసి, గెడ్డలు పొంగి, మళ్ళు నిండాయి. అన్ని ఊళ్ళకీ ఒకేసారి ముఠాలు కావలసి వచ్చాయి. పక్కూరి రైతు ధనరాజు మొదట వచ్చి మా ముఠాని రెండు రోజులకి అడిగాడు. మూడున్నర ఎకరాలు. నారుమడి ఆకు అప్పటికే నలభై రోజులు దాటి ముదిరిపోయింది. ఇంకో రెండు రోజులు ఆగితే పశువులకి వెయ్యడానికే పనికొస్తుంది. మూడో రోజుకి ముఠా ఇంకొకరికి మాటిచ్చేసింది.

పొద్దున్నే బుల్లమ్మ వీధిలోంచి కేకేసింది. "ఉషా, మనిసి తక్కువున్నాది, నువ్వు రాయే." లోపలికి రాలేదు. అమ్మని పలకరిస్తే ఏడుపొస్తుందని రాలేదట, తర్వాత చెప్పింది. అమ్మ వంటింట్లో వింటూ ఉంది.  అంబలి గిన్నె నా చేతిలో పెట్టింది.

బుల్లమ్మ పనిలో మెరుపు. ఆ మెరుపే ఆ రోజు మాకు చేటైంది. కుడి కొసన తను ఎగిరెగిరి నాటుకుపోతోంది. అందుకోలేక సుభద్రమ్మ, ఆవిడ ఈడువాళ్ళు ఎడమవైపు ఉండిపోయారు. మధ్యలో నాలాంటివాళ్ళం ఎటూ కాకుండా ఉన్నాం. ఆకు కట్టలన్నీ ధనరాజు మనుషులు ఒక మూల దించిపోయారు. కట్ట అయిపోయిన ప్రతిసారీ మోకాలి లోతు బురదలో అంత దూరం ఈదుకెళ్ళి తెచ్చుకోవాలి. ఒకరి కట్ట ఇంకొకరు లాక్కోవడం, తిట్టుకోవడం.

"కాళ్ళకి సంకెళ్ళేసుకొచ్చినావేటి సుభద్రమ్మత్తా?"

"నీలాగ ఎగరడానికి నానేటి మిడతనా?"

మధ్యాహ్నానికి ఎకరం కూడా అవలేదు. ధనరాజు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఆకాశం చూస్తున్నాడు, ఆకు చూస్తున్నాడు, మమ్మల్ని చూస్తున్నాడు.

అప్పుడు నా పక్క మునుంలో మనిషి చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి చూశాను. గట్ల మీద నుంచి పసుపుపచ్చగా ఎవరో వస్తున్నారు. అంత పచ్చటి పొలాల మధ్య ఆ రంగు వంగినవాళ్ళకి కూడా కనపడేట్టుంది. ఎర్ర అంచు. ఆ చీర ఎందుకు వచ్చిందో మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఒక్కొక్కరే నడుములు ఎత్తారు.

నాన్న గొడుగుని కర్రలా ఊతం చేసుకుని వచ్చి, అమ్మ మా మడి గట్టెక్కి నిలబడింది.

"ఓలప్పా! నువ్వెందుకొచ్చినావే?" అంది బుల్లమ్మ.

సుభద్రమ్మ నీళ్ళలోంచే దణ్ణం పెట్టింది. "ఇంటికెల్లు తల్లీ. తలలో కేన్సరెట్టుకుని ఎండలో నిల్సోకు. పున్నెముంటాది."

అమ్మ గొడుగు గట్టున గుచ్చింది. నా వైపు చూసింది. ఊరికే చూసింది.

నా చేతిలో ఆకు ఉంది, మోచేతుల దాకా బురద. పద్నాలుగుమంది ఆడవాళ్ళు, ఒక రైతు, నలుగురు మగ కూలీలు. అంతమంది ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు.

"కేన్సర్ కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కేన్సర్ కాదని రెండు ఊళ్ళ డాక్టర్లూ సెప్పినారు. కాయితం నాను సదివినాను. ఆల్లు ఒగ్గీలేదు. గడ్డ పక్కన నరం ఉన్నాది. పెద్దది అదొక్కటే పనిసేస్తన్నాది, రెండోది పుట్టుకతోనే సన్నం. కోస్తే నరానికి దెబ్బని ఆపినారు. మేలు సెయ్యడానికే ఆపినారు. నాలుగు నెలలకి మళ్ళీ సూస్తారు. అమ్మ నడవొచ్చు, నిలబడొచ్చు, ఎండలో ఉండొచ్చు. ఒంగకూడదు, బరువెత్తకూడదు. అంతే. సచ్చిపోతాదని ఎవులూ సెప్పనేదు. ఆ రోజు అరుగు కాడ నానే సెప్పాల్సింది. సెప్పనేదు. తప్పు నాదే."

సుభద్రమ్మ చేతిలో కట్ట నీళ్ళలో వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో, ఈ గుంటకి నోరున్నాదేటే!" అంది సుభద్రమ్మ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మడంతా నవ్వింది. సుభద్రమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా బురద చేసుకుంది. "నా ఎండుసేపలన్నీ మీ అయ్య కడుపులోకి పోనాయన్నమాట!"

"నవ్వింది సాలు," అంది అమ్మ. "బుల్లమ్మా, ఎనక్కి తిరిగి వరస సూడు."

బుల్లమ్మ చూసింది. "ఏటున్నాది?"

"కొడవలి వొంపున్నాది. నువ్వక్కడ, సుభద్రమ్మొదినిక్కడ. ఒంగిన మనిసికి కనపడదులే. ఆ కొసన ఉన్నన్నాళ్ళూ నాకూ కనపళ్ళేదు. ఇక్కణ్ణించి కనపడతన్నాది." ధనరాజు వైపు తిరిగింది. "బాబూ, ఆ కట్టలేటి, పెళ్ళింటి కాడ సెప్పుల్లాగ ఒక మూల పోసినావు? ముగ్గురు మనుసుల్నెట్టి మడంతా బారకొకటి ఇసిరించు. మా ఆడోళ్ళు నడవడానికి రాలేదు, నాటడానికొచ్చినారు."

ధనరాజు మనుషుల్ని పిలిచాడు.

బుల్లమ్మ మాత్రం కదల్లేదు. కుడి కొసన నిలబడి అమ్మనే చూస్తోంది. ఆ రోజు ముఠా ఆమెది. ఆమె పేరు మీదే ధనరాజు ఒప్పుకున్నాడు.  బుల్లమ్మ మొహం మీద చెమట మోచేత్తో తుడుచుకుంది.

"సుభద్రమ్మత్తని ఎక్కడెయ్యమంటావప్పా?" అని అడిగింది.

"నీ పక్కనెయ్యి. ఇరుకు మునుం ఇయ్యి, ఆరు కుదుళ్ళకి మించొద్దు. ఆపక్క జోరుగా ఉన్న పిల్లనెయ్యి. జోరోల్ల మద్దిన నిదానమోల్లుంటే వరస తిన్నగుంటాది. ముదురాకిది, దూరం దూరం గుచ్చకండి, దగ్గరగా ఎయ్యండి. కుదురుకి నాలుగైదు పోసలు. కానీ, ఒంగండి."

వంగాం.

ఆ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా అమ్మ గొంతు మా వీపుల మీద నడిచింది. ఎవరి నడుం పట్టేస్తోందో ఆ మనిషి కన్నా ముందు అమ్మకి తెలిసేది. "దుర్గాబవానీ, లెగిసి రెండడుగులు నడిసిరా," అనేది. "ఉషా, మరీ లోతు గుచ్చుతన్నావు, అది ఈతసెట్టు కాదు." ఒకసారి మాట మధ్యలో ఆగిపోయింది. తల ఎత్తి చూశాను. కుడిచెవి మీద అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టు మీద కూర్చుంది. నేను లేవబోయాను. కళ్ళు తెరిచి, నన్ను చూసి, వంగమని సైగ చేసింది. కొంచెం మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచి నిలబడింది. మిగతావాళ్ళెవరూ చూడలేదు.

రెండోరోజు పొద్దు ఉండగానే మూడున్నర ఎకరాలూ అయిపోయాయి. గట్టెక్కి చూస్తే వరసలు దువ్విన జుట్టులా ఉన్నాయి. మేమెప్పుడూ అలా నిలబడి మా పనిని చూసుకోలేదు. నాటడం అయిపోగానే కాళ్ళు కడుక్కుని ఇంటికి పరుగెట్టడమే. ఆ రోజు అందరం కాసేపు నిలబడ్డాం.

ఆ తర్వాత ఇరవై రోజులు ఊపిరి తిరగని పని. అమ్మ ప్రతి పొద్దూ తలపోటు ఎలా ఉందో, కళ్ళు ఎలా ఉన్నాయో నాకు చెప్పాలని, ఒక పూట బాగోకపోతే ఆ పూట ఇంట్లోనే ఉండాలని నేనొక నియమం పెట్టాను. అవును, నేనే పెట్టాను. రెండు పూటలు అలా ఉండిపోయింది కూడా. ఆ రెండు పూటలూ బుల్లమ్మ నడిపింది, మధ్యమధ్య గట్టెక్కి వరస చూసుకుంటూ. ఊళ్ళో బత్తాయిలు రావడం మానేశాయి. జగన్నాధం మావకి ఎవరో చెప్పినట్టున్నారు, ఒక ఆదివారం నేరుగా మడి దగ్గరికే వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద చిందిన ఆ చీరని, దాన్ని కట్టుకుని ధాటిగా కేకలేస్తున్న అప్పని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"రంగు దిగనేదురా," అంది అమ్మ.

ఒక రోజు పక్క మడిలోకి వేరే ఊరి ముఠా దిగింది. వాళ్ళ మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది: "ఏటమ్మా, మీ మేస్త్రికి నడుం నేదేటి? కోమటోళ్ళ ఇంటి పెళ్ళికూతుర్లాగ పట్టుసీర కట్టి గట్టు మీద నిల్సుందీ!"

నేను జవాబు వెతుక్కునే లోపల బుల్లమ్మ అందుకుంది. "నడుములు మాకు పదిహేనున్నాయి. అందరికీ కలిపి తల ఒక్కటే. అందుకే దాన్ని ఎత్తుమీద ఎట్టుకున్నాం. నీ పని సూసుకో, నీ వరస నాలికలాగ వంకర్లు పోతన్నాది."

అమ్మ విననట్టు గొడుగు విప్పుకుంది. గొడుగు కింద నవ్వుతోందని నాకు తెలుసు.

భాద్రపదం చివర్లో, పైరు పొట్టకి వస్తుండగా, ధనరాజు మోటారుసైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. అప్పుడు బుల్లమ్మ, సుభద్రమ్మ మా అరుగు మీదే గోంగూర ఒలుస్తున్నారు. కోతలకి ముఠాని ముందే చెప్పుకుపోదామని వచ్చానన్నాడు.

"కోతలకీ ఒంగాల బాబూ," అంది అమ్మ. "నాను ఒంగను."

"నిన్నొంగమని ఎవులన్నారు? నువ్వు గట్టు మీద నిలబడు, సాలు. కార్తీకం ఎల్లిన మూడోనాడు అనుకుంతన్నాను."

అమ్మ నా వైపు చూసింది. నేను ఫైలు తెచ్చి చూసి తల అడ్డంగా ఊపాను.

"ఆ రోజు నేదు. ఇశాపట్నంలో నాకు స్కానున్నాది."

ధనరాజు మొహం కొంచెం పడిపోయింది. అమ్మ స్కాన్‌లో ఏం కనపడుతుందో మాకెవరికీ తెలియదు. చెట్టు పెరిగి ఉండొచ్చు, పెరక్కపోవచ్చు. చెవిలో చప్పుడు అలాగే ఉంది. అది ఇంట్లో మనిషిలా అయిపోయింది. "మరైతే ఆ ఒక్కరోజుకీ బుల్లమ్మ సూసుకుంటాదిలే. ముఠాని పంపు. ఆ రోజు దాటితే నూర్పు మిసన్లు దొరకవు నాకు," అన్నాడు ధనరాజు.

"మేం రాం," అంది బుల్లమ్మ, గోంగూర మీద నుంచి తల ఎత్తకుండా.

"ఎందుకు రారే?" అంది అమ్మ.

"ఇశాపట్నం ఎల్తన్నాం."

"మీకేటి పని అక్కడ?"

"స్కానుకి."

"స్కాను నాకేనే, పిచ్చిదానా! పదిహేనుమందికా? ఆ గదిలోకి నన్నొక్కదాన్నే రానిస్తారు. మీరేటి సేస్తారక్కడ?"

బుల్లమ్మ చేతిలో కాడ విరిచి చేటలో వేసింది.

"నువ్వు లోపలికెల్లి పని సూసుకోప్పా. మేం బయట నిల్సుంటాం."

"నానూ వొస్తాను," అంది సుభద్రమ్మ. "ఆ డాక్టరమ్మని ఓపాలి సూడాల."

అమ్మ పైట చెంగు సర్దుకుంది. ధనరాజు టీ గ్లాసు కింద పెట్టి, కోత ఇంకో రోజుకి మార్చుకున్నాడు.